42 స్లైడ్లు ఎందుకు, రెండు బ్రౌజర్ విండోలు చాలు

ప్రశ్న: మేం నలుగురం కలిసి చివరి ఏడాది ప్రాజెక్టుగా లైబ్రరీ రీడింగ్ రూమ్‌లో సీట్లు బుక్ చేసుకునే వెబ్‌సైట్ తయారుచేశాం. ఇంకో పన్నెండు రోజుల్లో ఫైనల్ ప్రెజెంటేషన్. పదిహేను నిమిషాలు మాట్లాడాలి, ఆపైన ఐదు నిమిషాలు ప్రశ్నలు. పోయిన రివ్యూకు 42 స్లైడ్లు తీసుకెళ్లాం. సగం కూడా అవ్వకముందే ఆపేయమన్నారు. డెమో మొదలుపెట్టగానే వై-ఫై పోయింది, లాగిన్ పేజీ దాటలేదు. కోడ్ చాలావరకు నేనూ ఇంకొకరూ రాశాం. మిగతా ఇద్దరూ డాక్యుమెంటేషన్ చూసుకున్నారు, ఏదైనా అడిగితే బిక్కమొహం వేస్తారు. నాకేమో ఇంగ్లిష్‌లో మాట్లాడాలంటేనే టెన్షన్. రిమైండర్ ఈమెయిల్ ఫీచర్ ఇంకా పూర్తి కాలేదు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో చెప్పగలరా?
- ఒక విద్యార్థిని

సమాధానం: మీ ఉత్తరంలో స్లైడ్ల గురించి ఉంది, వై-ఫై గురించి ఉంది, ఇంగ్లిష్ గురించి ఉంది. మీరు కట్టిన వెబ్‌సైట్‌లో కష్టమైన భాగం ఏదో మాత్రం ఒక్క ముక్క లేదు. పోయిన రివ్యూలోనూ ఇదే జరిగి ఉంటుందని నా అనుమానం.

మిమ్మల్ని పరీక్షించేవాళ్లు ఆ రోజు మీ ఒక్కరి ప్రాజెక్టే చూడరు. వచ్చిన ప్రతి టీమూ లాగిన్ పేజీ చూపిస్తుంది, డ్యాష్‌బోర్డు చూపిస్తుంది, రియాక్ట్, నోడ్, మాంగోడీబీ లాంటి టూల్స్ లోగోలు ఒక స్లైడ్ మీద పేర్చి చూపిస్తుంది. వాళ్లు తేల్చుకోవాల్సినవి రెండే: ఇది వీళ్లే చేశారా? ఇలాగే ఎందుకు చేశారో వీళ్లకు తెలుసా? అందుకని మీ పదిహేను నిమిషాలూ మీరు తీసుకున్న నిర్ణయాల చుట్టూ తిరగాలి. ఏమేం వాడారో చెప్పడానికి పది సెకన్లు చాలు.

మీ ప్రాజెక్టులో అలాంటి పెద్ద నిర్ణయం ఒకటి ఉండి తీరాలి. ఒకే సీటును ఇద్దరు ఒకే క్షణంలో నొక్కితే ఏమవుతుంది? బుకింగ్ అన్న మాట ఉన్న ఏ ప్రాజెక్టుకైనా ప్రాణం ఇక్కడే ఉంటుంది. చాలామంది మొదట రాసే కోడ్ ఇలా ఉంటుంది: సీటు ఖాళీయేనా అని డేటాబేస్‌ను అడుగుతారు, ఖాళీ అయితే బుకింగ్‌ను చేరుస్తారు. ఒక్కరే వాడుతున్నంతసేపూ ఏ ఇబ్బందీ రాదు. ఇద్దరు ఒకేసారి వస్తే ఇద్దరికీ ‘ఖాళీ’ అన్న జవాబే వెళ్తుంది, ఆ వెంటనే ఇద్దరి బుకింగ్‌లూ చేరిపోతాయి. అడగడానికీ చేర్చడానికీ మధ్య ఉండే ఆ కొన్ని మిల్లీసెకన్లలోనే తప్పు జరిగిపోతుంది.

మధ్యలో ఇంకో ఇఫ్ కండిషన్ పెట్టినంత మాత్రాన ఇది పోదు. బుకింగ్ టేబుల్‌లో సీటు నంబరు, తేదీ, స్లాట్ ఈ మూడింటికీ కలిపి యూనిక్ కన్‌స్ట్రెయింట్, అంటే అదే కలయిక రెండోసారి రాకూడదన్న నియమం, పెట్టండి. అప్పుడు రెండో బుకింగ్‌ను డేటాబేసే ఒప్పుకోదు. మై ఎస్‌క్యూఎల్ అయితే 1062 అనే ఎర్రర్ ఇస్తుంది, పోస్ట్‌గ్రెస్ అయితే 23505. ఆ ఎర్రర్‌ను పట్టుకుని ‘ఈ సీటు ఇప్పుడే వేరేవాళ్లు తీసుకున్నారు, ఇంకోటి ఎంచుకోండి’ అని చూపించడం వరకే మీ కోడ్ పని. మీ దగ్గర ఈ ఏర్పాటు లేకపోతే, ఈ పన్నెండు రోజుల్లో మీరు రాయాల్సిన కొత్త కోడ్ ఇదీ, దీని చుట్టూ ఉన్నదీ మాత్రమే. ఇప్పటికే ఉంటే డెమో సగం తయారైనట్టే.

డెమో ఇలా చేయండి. తెర మీద రెండు బ్రౌజర్ విండోలు పక్కపక్కన పెట్టండి. ఎడమవైపు ఒక విద్యార్థి, కుడివైపు ఇంకో విద్యార్థి ముందే లాగిన్ అయి ఉండాలి. రెండో విండోను ఇన్‌కాగ్నిటోలో తెరవండి, లేకపోతే కుకీ ఒకటే అయి రెండూ ఒకరి లాగిన్‌గానే మారిపోతాయి. రెండు వైపులా 14వ నంబరు సీటు పచ్చగా కనిపిస్తోంది. ఎడమవైపు బుక్ చేయండి. కుడివైపు పేజీని రిఫ్రెష్ చేయకుండా అదే సీటును నొక్కండి. ఆ పేజీకి సంగతి ఇంకా తెలియదు కాబట్టి నొక్కనిస్తుంది, సర్వర్ మాత్రం కుదరదంటుంది. మెసేజ్ తెర మీదికి వచ్చాక మీరు కాసేపు మాట్లాడకండి. వాళ్లను చదవనివ్వండి. డెమోలో అందరూ చేసే పొరపాటు, మౌస్ కదులుతున్నంతసేపూ నోరు కూడా కదిలించడం. చూసేవాళ్లు రెండింట్లో ఒక్కదాన్నే పట్టుకోగలరు.

గట్టి ఎగ్జామినర్ ఎవరైనా ఉంటే ఇక్కడే అడ్డుకుంటారు. ‘మీ రెండు క్లిక్కుల మధ్య మూడు సెకన్లు ఉన్నాయి. ఇంత తీరిగ్గా నొక్కితే ఆ కన్‌స్ట్రెయింట్ లేని కోడ్ కూడా పట్టుకుంటుంది కదా?’ అంటారు. వాళ్లన్నది నిజమే, దానికి జవాబు ముందే చేతిలో ఉండాలి. ఒకే సీటుకు 50 రిక్వెస్టులు ఒక్కసారిగా పంపే చిన్న స్క్రిప్ట్ రాసుకోండి. ఒకటి ముగిశాక ఇంకోటి వెళ్లేలా లూప్ పెడితే ప్రయోజనం ఉండదు. జావాస్క్రిప్ట్ అయితే ప్రామిస్ డాట్ ఆల్, పైథాన్ అయితే థ్రెడ్లు వాడండి. కన్‌స్ట్రెయింట్ తీసేసిన టేబుల్ మీద ఒకసారి, ఉన్న టేబుల్ మీద ఒకసారి నడిపి, 14వ సీటుకు ఎన్ని బుకింగ్‌లు పడ్డాయో లెక్కపెట్టండి. రెండోసారి ఒక్కటే ఉండాలి. మొదటిసారి ఎన్ని పడతాయన్నది మీ మెషిన్‌ను బట్టి మారుతుంది. మీకు వచ్చిన అంకెనే స్లైడ్ మీద పెట్టండి, గుండ్రంగా కనిపించాలని సవరించకండి.

దీని వెనకే ఇంకో ప్రశ్న పొంచి ఉంటుంది: ‘ఎవరైనా బుకింగ్ రద్దు చేసుకుంటే ఆ సీటు మళ్లీ దొరుకుతుందా?’ రద్దయిన బుకింగ్‌ను టేబుల్‌లోనే ఉంచి స్టేటస్ ఒక్కటే మార్చే పద్ధతి మీదైతే, కొత్తగా వచ్చినవాళ్లను కూడా అదే కన్‌స్ట్రెయింట్ అడ్డుకుంటుంది. రద్దయినవాటిని వేరే హిస్టరీ టేబుల్‌కు తరలించడం ఒక దారి. పోస్ట్‌గ్రెస్‌లో అయితే, రద్దు కాని బుకింగ్‌లకు మాత్రమే వర్తించేలా పార్షియల్ యూనిక్ ఇండెక్స్ పెట్టుకోవచ్చు. ఏ దారైనా ఫర్వాలేదు, ఎందుకు ఎంచుకున్నారో చెప్పగలిగితే చాలు. ఈ ఒక్క సీటు కథతోనే ఆరేడు నిమిషాలు నిండుగా గడిచిపోతాయి.

ఇక స్లైడ్లు. 42లో ఏవి తీసేయాలా అని చూస్తూ కూర్చుంటే 30 దగ్గర ఆగిపోతారు. ఖాళీ ఫైలు తెరిచి కొత్తగా మొదలుపెట్టండి. సమస్య ఏమిటో ఒకటి, బ్రౌజర్ నుంచి డేటాబేస్ దాకా దారి చూపే బొమ్మ ఒకటి, ఇందాక చెప్పిన చిక్కు ఒకటి, దాన్ని విప్పిన తీరు ఒకటి, మీ పరీక్షల్లో వచ్చిన అంకెలు ఒకటి, మిగిలిపోయిన పని ఒకటి. ఏడెనిమిది దాటవు. అబ్‌స్ట్రాక్ట్, లిటరేచర్ సర్వే, ఎగ్జిస్టింగ్ సిస్టమ్, ప్రపోజ్డ్ సిస్టమ్ అన్న వరస తప్పనిసరి అని మీ డిపార్ట్‌మెంట్ అంటే వాదించకండి. పెట్టండి, నాలుగింటినీ రెండు నిమిషాల్లో దాటేయండి. తీసేసిన పాత స్లైడ్లను పారేయకుండా చివరి స్లైడ్ తర్వాత ఉంచుకోండి. ప్రశ్న వచ్చినప్పుడు సరిగ్గా ఆ బొమ్మ తీసి చూపిస్తే వచ్చే గౌరవం వేరు.

స్లైడ్ తలకట్టుగా ‘సిస్టమ్ ఆర్కిటెక్చర్’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ‘సీటు ఎవరిదో తేల్చేది డేటాబేస్’ అని రాస్తే మీరు నోరు విప్పకముందే సగం విషయం వెళ్లిపోతుంది. పదిహేను టేబుళ్ల సంబంధాలు చూపే ఈఆర్ డయాగ్రమ్‌ను ఒకే స్లైడ్‌లో ఇరికించకండి. వెనక వరసకు అది చీమల బారులా కనిపిస్తుంది. యూజర్, సీటు, బుకింగ్ ఈ మూడు టేబుళ్లు చూపిస్తే చాలు. అక్షరాలు 24 పాయింట్లకు తగ్గనివ్వకండి. కోడ్ చూపించాల్సి వస్తే ఆరు లైన్లకు మించొద్దు, అదీ లైట్ థీమ్‌లో. ల్యాప్‌టాప్‌లో ముచ్చటగా ఉండే డార్క్ థీమ్ వెలుతురున్న గదిలో ప్రొజెక్టర్ మీద బూడిద రంగు మరకగా మిగులుతుంది.

వై-ఫై గురించి మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. 2010 జూన్ 7న యాపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ ఐఫోన్ 4 చూపిస్తుండగా వేదిక మీద వెబ్ పేజీ తెరుచుకోలేదు. హాల్లో 500కు పైగా వై-ఫై బేస్ స్టేషన్లు నడుస్తున్నాయని, వాటిని ఆపేయమని ఆయన అక్కడున్నవాళ్లను అడగాల్సి వచ్చింది. అంత పెద్ద సంస్థకే ఆ తిప్పలు వచ్చినప్పుడు మీరు నెట్‌వర్క్‌ను నమ్ముకోవాల్సిన పని లేదు. మొత్తం మీ ల్యాప్‌టాప్‌లోనే, లోకల్‌హోస్ట్ మీద నడవాలి.

లోకల్‌గా నడుస్తోందని మీరు అనుకోవడం వేరు, నిజంగా నడవడం వేరు. ఇవాళే ల్యాప్‌టాప్ వై-ఫై ఆపేసి, సర్వర్ ఆపి మళ్లీ మొదలుపెట్టి, బ్రౌజర్ క్యాష్ తుడిచేసి డెమో మొత్తం నడిపించి చూడండి. పేజీ రూపానికి వాడే బూట్‌స్ట్రాప్ ఫైలు సీడీఎన్ అనే బయటి సర్వర్ నుంచి వస్తోందని, ఫాంట్లు బయటి నుంచి దిగుతున్నాయని, డేటాబేస్ క్లౌడ్‌లో ఉందని, గూగుల్ లాగిన్ నెట్ లేకుండా కదలదని అప్పుడే బయటపడుతుంది. ఫైళ్లు డౌన్‌లోడ్ చేసి ప్రాజెక్టులోనే పెట్టుకోండి, డేటాబేస్‌ను మెషిన్‌లోకి తెచ్చుకోండి, లాగిన్‌కు మామూలు పాస్‌వర్డ్ దారి ఒకటి ఉంచండి. ఆన్‌లైన్ లింకు చూపించడం తప్పనిసరైతే అరగంట ముందు ఒకసారి, గదిలోకి వెళ్లే ముందు ఇంకోసారి దాన్ని తెరవండి. ఉచిత హోస్టింగ్ సేవల్లో కొన్ని, కాసేపు ఎవరూ రాకపోతే సర్వర్‌ను నిద్రపుచ్చుతాయి. అది లేచేదాకా తెల్ల తెర ముందు నిలబడాల్సి వస్తుంది.

డెమో మొత్తాన్ని స్క్రీన్ రికార్డింగ్ చేసి ఫైలు ల్యాప్‌టాప్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి ఉంచండి. స్లైడ్ల పీడీఎఫ్ కూడా. డెమోలో ఏదైనా ఆగిపోతే ముప్పై సెకన్లు చూడండి, ఆ తర్వాత ‘ఇదే పని రికార్డింగ్‌లో చూపిస్తాం’ అని చెప్పి వీడియో పెట్టేయండి. నలుగురూ ల్యాప్‌టాప్ మీదికి వంగి గుసగుసలాడుకోవడం కంటే అది ఎంతో హుందాగా ఉంటుంది. రెండు రోజుల ముందు కోడ్ మార్పులను దాచే గిట్‌లో ఒక ట్యాగ్ (గుర్తు) వేసి అక్కడితో ఆపేయండి. ముందురోజు రాత్రి పదకొండింటికి ‘ఈ బటన్ రంగు ఒక్కటి మారుస్తా’ అనేవాళ్లు ప్రతి టీమ్‌లోనూ ఒకరుంటారు. వాళ్ల దగ్గర్నుంచి ల్యాప్‌టాప్ లాక్కోండి.

డేటా విషయం చాలామంది పట్టించుకోరు. యూజర్ పేరు ‘టెస్ట్1’, సీటు పేరు ‘ఏబీసీ’ అని ఉంటే చూసేవాళ్లకు కథ అర్థం కాదు. 1968 డిసెంబర్ 9న కంప్యూటర్ పరిశోధకుడు డగ్లస్ ఎంగెల్‌బార్ట్ శాన్‌ఫ్రాన్సిస్కోలో తొంభై నిమిషాల పాటు చూపిన డెమోను ఇప్పటికీ చెప్పుకుంటారు. జనం అప్పటిదాకా ఎరగని మౌస్‌ను, తెర మీద రాతను దిద్దడాన్ని చూపించడానికి ఆయన వాడుకున్నది ఒక మామూలు సరుకుల చిట్టా. సాధనం కొత్తదైనప్పుడు ఉదాహరణ పాతదిగా ఉండాలి. మీరూ నమ్మదగ్గ పేర్లు, నమ్మదగ్గ స్లాట్లు పెట్టండి. ఆ డేటాను నింపే స్క్రిప్ట్ ఒకటి ఉంచుకుని, రిహార్సల్ అయిన ప్రతిసారీ నడిపించి టేబుళ్లను మొదటి స్థితికి తెచ్చుకోండి. మీది తేదీలతో పని కాబట్టి ఇంకో జాగ్రత్త కావాలి. స్క్రిప్ట్‌లో తేదీని చేత్తో రాయకుండా ‘రేపటి తేదీ’ అని లెక్కకట్టేలా పెట్టండి. లేకపోతే మీ వంతు వచ్చేసరికి ఆ స్లాట్ గడిచిపోయి, 14వ సీటు పచ్చగా ఉండదు.

మిగతా ఇద్దరి సంగతికి వద్దాం. ‘నువ్వు ఇంట్రడక్షన్ చెప్పు, నువ్వు కన్‌క్లూజన్ చెప్పు’ అని పంచేస్తే ఎగ్జామినర్లు ఇట్టే పసిగడతారు. మొదటి ప్రశ్న సరిగ్గా వాళ్ల మీదే పడుతుంది. అలా కాకుండా ఇప్పుడు నిజంగా పని ఇవ్వండి. 50 రిక్వెస్టుల పరీక్షను ఒకరికి అప్పగించండి: స్క్రిప్ట్ వాళ్లే నడపాలి, అంకెలు వాళ్లే రాసుకోవాలి, ఆ స్లైడ్ వాళ్లే చెప్పాలి. బుకింగ్ రద్దు సంగతంతా ఇంకొకరికి ఇవ్వండి. మీరు పక్కన కూర్చుని కోడ్ వివరించేస్తే వాళ్లు తలాడిస్తారు, మర్నాటికి ఏమీ మిగలదు. ఒక లైను తీసేసి ఏమవుతుందో చూడమనండి, ఎందుకలా అయిందో మీకు చెప్పమనండి. పన్నెండు రోజుల్లో ఒక మనిషి ఒక భాగాన్ని సొంతం చేసుకోవడం కష్టమేమీ కాదు. ‘కోడ్ ఎవరు రాశారు?’ అని సూటిగా అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. నలుగురూ సమానంగా రాశామని చెప్పి తర్వాతి ప్రశ్నకే దొరికిపోవడం కంటే అది మేలు.

ట్యుటోరియల్ నుంచో ఏఐ టూల్ నుంచో తీసుకున్న కోడ్ ఉంటే దానికీ ఇదే వర్తిస్తుంది. ఎక్కడిదో చెప్పండి, మీరేం మార్చారో చూపండి. వివరించలేని ఫైలు ఒక్కటి కూడా ప్రాజెక్టులో ఉండకూడదు.

ఒక ప్రశ్న మాత్రం వచ్చి తీరుతుందనుకోండి: ‘పాస్‌వర్డ్‌లు ఎలా దాచారు?’ కంగారులో ‘ఎన్‌క్రిప్ట్ చేశాం సార్’ అంటారు. ‘అయితే డీక్రిప్ట్ చేసి చూపించు’ అన్న మాట వెంటనే వస్తుంది. బీక్రిప్ట్ లాంటిది వాడి ఉంటే అది హ్యాషింగ్, వెనక్కి తిప్పలేం. నలుగురికీ ఈ తేడా నాలుక చివర ఉండాలి. తెలియని ప్రశ్న వస్తే ‘తెలియదండీ, ఫలానా విధంగా పరీక్షించి చూస్తాం’ అనండి. ఒకరు తడబడుతుంటే ఇంకొకరు మధ్యలో దూరి అందుకోవద్దు. వాళ్లు ముగించాక ‘ఒక్క మాట కలపవచ్చా’ అని అడిగి చెప్పండి.

ఇంగ్లిష్ టెన్షన్‌కు నేను చెప్పేది చిన్నదే. మొదటి మూడు వాక్యాలు కంఠతా పట్టండి, మిగతాది పట్టకండి. మొత్తం బట్టీపట్టినవాళ్లు మధ్యలో ఎవరైనా ప్రశ్న వేస్తే మళ్లీ దారిలో పడలేరు. సీటు కథను ముందు స్నేహితులకు తెలుగులో చెప్పండి, తడుముకోకుండా వచ్చేదాకా చెప్పండి. అప్పుడు ఇంగ్లిష్‌లోకి మారండి. సీటు, స్లాట్, బుకింగ్, డేటాబేస్, ఎర్రర్... మీకు కావాల్సిన పదాల్లో సగం ఎలాగూ ఇంగ్లిష్‌వే. ‘టూ యూజర్స్ క్లిక్ ద సేమ్ సీట్. ఓన్లీ వన్ షుడ్ గెట్ ఇట్.’ ఇంత పొట్టి వాక్యాలు చాలు. యాసకు మార్కులు పోవు, స్లైడ్‌ను చూసి చదివితే పోతాయి.

రిహార్సల్ నిలబడి, గొంతు విప్పి, టైమర్ పెట్టుకుని చేయండి. పదమూడు నిమిషాల్లో ముగిసేలా చూసుకోండి, మిగతా రెండూ కేబుల్ తగిలించడానికీ తలుపు తీసుకుని ఎవరో రావడానికీ పోతాయి. వీలైతే ఆ గదిలోనే, ఆ ప్రొజెక్టర్‌కే ఒకసారి ల్యాప్‌టాప్ కలిపి చూడండి. రిజల్యూషన్ మారి రెండు విండోలూ పక్కపక్కన పట్టకపోతే ముందే తెలుస్తుంది. నోటిఫికేషన్లు ఆపేయండి. వాట్సాప్ వెబ్ అసలు తెరవకండి, దీనికి కారణం చెప్పక్కర్లేదనుకుంటాను.

రిమైండర్ ఈమెయిల్‌ను ఇక ముట్టుకోకండి. మెనూలో దాని బటన్ ఉంటే దాచేయండి, ఎందుకంటే కనిపించిన బటన్‌ను నొక్కమని ఎవరో ఒకరు అడుగుతారు. మిగిలిపోయిన పనుల స్లైడ్‌లో ఒక్క వాక్యం రాయండి: స్లాట్‌కు ఎంత ముందు పంపాలో నిర్ణయించాం, పంపే కోడ్ ఇంకా రాయలేదు, అని. ఆ స్లైడ్‌కు ‘ఫ్యూచర్ స్కోప్’ అని పేరు పెట్టి, కింద ఏఐ, బ్లాక్‌చెయిన్ అని చేర్చే ఆనవాయితీ ఒకటుంది. దాని జోలికి వెళ్లకండి. లైబ్రరీ సీటుకు బ్లాక్‌చెయిన్ దేనికమ్మా అని అడిగితే మీ నలుగురిలో జవాబు చెప్పేదెవరు?